వెనక సీట్లో కూచున్నామె

నడిరోడ్డు మీద బండి ఆపి, స్టాండు వేసి, ఎవరూ లేని వెనక సీటు వైపు తిరిగి "దిగమ్మా, నీ ఊరొచ్చింది, దిగు దిగు" అనే మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. ఒకసారి కాదు, బోలెడుసార్లు. ఉదయగిరిలో ఆమె అట్లా ఆగినప్పుడల్లా టీ అంగడి ముందు కూర్చున్నవాళ్ళు గ్లాసులు పట్టుకుని నవ్వేవాళ్ళు. ఆమె కూడా వాళ్ళతో పాటు నవ్వేది. ఆ తర్వాత వెనక కూర్చునేవాళ్ళు కాళ్ళు పెట్టుకునే కమ్మీలు రెండూ టక్కుటక్కున మూసేసి, స్కూటీ ఎక్కి వెళ్ళిపోయేది.

మొన్న గురువారం తెల్లవారుతుండగా ఆమె పోయింది. పేరు రాయను. రాస్తే పైనుంచి తిడుతుంది. బతికున్నప్పుడే ఎవరైనా పేరు పెట్టి పొగిడితే "పేరెందుకు మే, కూర ఎట్లుండాదో చెప్పు" అనేది. ఆడపిల్లల హాస్టల్లో వంట చేసి రిటైరైన మనిషి. ఆదివారం చర్చిలో అందరికంటే ముందు కూర్చుని, అందరికంటే గట్టిగా, అందరికంటే శ్రుతి తప్పి పాడే మనిషి. పొట్టిగా, గుండ్రంగా ఉండేది. అన్నం గుండిగలు ఎత్తి ఎత్తి భుజాలు మాత్రం పహిల్వాను భుజాలు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దదైనా వీధి వీధంతటికీ అక్కే, నాకూ అక్కే. ఇంతకు మించి ఆమె చరిత్ర నాకు తెలియదు. తెలిసిందల్లా ఆమె మాటలు.

తమలో తాము మాట్లాడుకునేవాళ్ళు మామూలుగా గొణుగుతారు. అక్క గొణిగేది కాదు. ఎదురుగా మనిషి ఉన్నట్టే గట్టిగా మాట్లాడేది. పొద్దున్నే వాకిట్లో ముఖం కడుక్కుంటూ, "ఏమ్మే, లేచినావా? మంచి పని చేసినావు. మోకాళ్ళు ఎట్లుండాయి? నొస్తా ఉండాయా? నొయ్యనీలే, రెండూ ఉండాయి గదా" అనేది. పప్పు మాడితే "పోనీలే, ఈ ఇంట్లో పొయ్యి ఎలగతా ఉండాదని వీధికంతా తెలిసింది" అనేది. కరెంటు పోతే "ప్రభువా, ఇంతసేపు ఇచ్చినావు, వందనాలు" అని, ఆ నోటితోనే లైన్‌మన్‌కు ఫోన్ చేసి దులిపేసేది.

"దేవుడికి వందనాలు చెప్పి లైన్‌మన్‌ని తిడతావేందక్కా?" అని ఒకసారి అడిగాను.

"ఆయన పని ఆయన చేసినాడు. వీడి పని వీడు చెయ్యొద్దా?" అంది.

నేను ఊళ్ళు తిరిగి టీకాలు వేసే నర్సును. పుట్టింది చేజర్ల దగ్గర, కాపురం ఆత్మకూరులో. ఉన్నట్టుండి ఉదయగిరి అవతల కొండవార పల్లెకు బదిలీ చేశారు. మా ఆయన లారీ డ్రైవరు, నెలలో ఒక వారం ఇంట్లో ఉంటే గొప్ప. ఉదయగిరిలో ఒక పోర్షను అద్దెకు తీసుకుంటే, గోడ అవతల అక్క. నేను పనిచేసే పల్లెకు పొద్దున పూట బస్సు లేదు. ఆటో నిండితే గాని కదలదు. నాకేమో తొమ్మిదింటికల్లా అక్కడి సబ్‌సెంటర్లో నిలబడి, ఫోన్లో ముఖం చూపించి హాజరు వేసుకోవాలి. నిమిషం దాటితే ఆ రోజుకు నేను లేనట్టే. సగం రోజులు అట్లాగే లేకుండా పోయాను. పై అధికారి పిలిచి, "ఏమ్మా, వచ్చే నెల కూడా ఇదే వరసైతే రాజీనామా రాసిచ్చి ఇంట్లో కూచో" అన్నాడు. పదిహేనేళ్ళ ఉద్యోగం. ఎండలో, వానలో ఐసు పెట్టె భుజాన వేసుకుని తిరిగి నిలబెట్టుకున్న ఉద్యోగం. ఆటో నిండలేదని పోగొట్టుకోవాల్సి వస్తుందని ఎవరనుకుంటారు?

మా ఆయన ఒక పాత స్కూటీ కొనిచ్చాడు. ఒక పూట నేర్పాడు. పూట అయ్యేసరికి తల పట్టుకుని, "నీ వల్ల కాదులేవే" అని లారీ ఎక్కి పోయాడు. నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకు హాయిగానే ఉండింది. నలభై రెండేళ్ళదాన్ని, సైకిలు కూడా తొక్కి ఎరగను. 'నా వల్ల కాదు' అనేది చిన్నప్పటి నుంచీ నా నోట్లో ఊరుతూనే ఉండేది. ఆ సాయంత్రం వాకిట్లో బండి తుడుస్తూ పైకే అన్నాను.

గోడ అవతల రోలెక్కి అక్క తల పైకి పెట్టింది.

"ఎవురు మే అది, నా వల్ల కాదు అంటా ఉండేది?"

"నేనే అక్కా."

"నువ్వు కాదు. నువ్వు ముందు కూచోనుండావు. ఆ మాటన్నది వెనక సీట్లో కూచున్నామె."

నాకేమీ అర్థం కాలేదు. అక్క రోలు మీదనే నిలబడి విడమరిచి చెప్పింది. "మనిషన్నాక వెనకాల ఒకామె ఎక్కి కూచోనుంటాది మే. గమ్మునుండదు. పడతావు, పోతావు, అందురూ నవ్వతారు అని చెవిలో చెప్తానే ఉంటాది. ఆమెకు బండి తోలను రాదు. బ్రేకు ఆమె చేతిలో లేదు. ఉండేదంతా నోరే. నేను యాభై దాటినాక ఈ బండి నేర్చుకుంటా ఉంటే ఎంత ఏడిపించిందనుకున్నావు! ఒకరోజు విసుగొచ్చి బండి ఆపి, దిగమ్మా తల్లీ, నీ ఊరొచ్చింది అన్నాను. దిగి పోయింది. మళ్ళా ఎక్కతాది, మళ్ళా దించతాను. రేప్పొద్దున ఆరింటికి గ్రౌండుకు రా."

మరునాడు కొండ మీద ఇంకా ఎండ పడకముందే బడి గ్రౌండులో ఉన్నాం. అక్క కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. చాలా పొట్టి ప్రార్థన. "ప్రభువా, ఈమె స్టార్ట్ చేస్తా ఉండాది. నువ్వు చూసుకో. ఆమెన్." వెంటనే సీటు ఎత్తి పెట్రోలు చూసింది. బ్రేకులు నొక్కింది. టైర్లు తన్నింది. నేను వెంకటేశ్వరస్వామిని తలచుకోనా వద్దా అని నసుగుతుంటే, "నీ సామిని నువ్వు పిలుచుకో మే. ఇద్దురూ ఉండేది పైనే గదా, వాళ్ళూ వాళ్ళూ మాట్లాడుకుంటార్లే" అంది.

"నువ్వు వెనక కూచో అక్కా, ధైర్యంగా ఉంటాది" అని బతిమాలాను.

"కూచోను. నేర్చుకునేవాళ్ళ వెనక నేనెక్కను. ఎక్కితే బండి మీద కాదు, నా మీద ఆనుకుంటారు" అని పోయి గట్టు మీద కూర్చుంది.

బండి కదిలింది. పది గజాలు బాగానే పోయాను. గ్రౌండు చివర ఒక రైతు ట్రాక్టరు నుంచి జొన్నచొప్ప దించుతున్నాడు. దాన్ని చూసి భయపడ్డాను. ఆపుదామనుకున్నాను. ఎంత ఆపుదామనుకుంటే బండి అంత వేగం అందుకుంది. "హో! హో!" అని నేను అరుస్తూనే ఉన్నాను, అది పోతూనే ఉంది. పోయి పోయి చొప్పకుప్పలో దూరింది. నేను నడుం దాకా చొప్పలో ఉన్నాను. రైతు కట్ట కింద పెట్టి నింపాదిగా, "ఏమ్మా, మేతకొచ్చినావా?" అన్నాడు.

అక్క గట్టు మీద పడి పడి నవ్వింది. నాకు చచ్చేంత సిగ్గేసింది.

రెండో రోజూ అంతే. చొప్ప లేదు గాని కంపచెట్టు ఉంది. మూడో రోజు గోల్‌పోస్టు. ఆ రోజు మోచేయి చీరుకుపోయింది. నేలమీద కూలబడి ఏడ్చేశాను. "నా వల్ల కాదక్కా. రాజీనామా ఇచ్చేస్తాను. ఆపాలనుకుంటే పోతాది, ఈ బండికి నా మీద పగ."

అక్క ఈసారి నవ్వలేదు. నా పక్కన కూర్చుని, చీరకొంగుతో నా మోచేయి తుడుస్తూ చాలాసేపు ఆలోచించింది. తర్వాత అడిగింది: "నిజం చెప్పు. చిన్నప్పుడు ఎద్దుల బండి తోలినావా?"

"తోలినాను. నాయనకు మగపిల్లోళ్ళు లేరు. వడ్ల బండి నేనే తోలేదాన్ని."

"ఎద్దుల్ని ఎట్లా ఆపతావు?"

"పగ్గాలు ఎనక్కి గుంజి, హో అంటాను."

అనేసి నోరు మూసుకున్నాను. నా రెండు చేతులూ వాటంతటవే గాలిలో పగ్గాలు గుంజుతున్నాయి. స్కూటీకి కుడిచేతి పిడి వెనక్కి తిప్పితే రేజ్ ఎక్కి బండి ఉరుకుతుంది. భయపడినప్పుడల్లా నేను చేసింది అదే. మా నాయన ఎద్దుల్ని ఆపినట్టు, శాయశక్తులా వెనక్కి గుంజాను. పాపం, బండి చెప్పినట్టే విన్నది.

ఇద్దరం ఆ నేలమీదనే కూర్చుని ఎంతసేపు నవ్వామో! ఏడుస్తూ మొదలుపెట్టిన నేను కూడా కడుపు పట్టుకున్నాను. నవ్వు తగ్గాక అక్క నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని ఒకమాటంది. అది నాకు ఇప్పటికీ గాయత్రితో సమానం.

"పగ్గాలు నీ చేతిలో లేవు మే. అవి పైనుండే ఆయన కాడ ఉండాయి. నీకిచ్చింది బ్రేకొకటే. దాన్ని సరిగ్గా నొక్కు, చాలు. గుంజడం మానుకో."

ఆ తర్వాత వారం రోజులు నాతో చేయించిన పని తలచుకుంటే ఇప్పటికీ చెవులు ఎర్రబడతాయి. బండి నడుపుతూ నాతో నేను పైకే మాట్లాడాలి. భయమేసిన చోట "వదులు, నొక్కు" అనాలి. వదలాల్సింది కుడిచేతి పిడిని, నొక్కాల్సింది బ్రేకును. ఆగిన తర్వాత "వదిలినాను, నొక్కినాను, ఆగినాను, శభాష్" అనాలి. శభాష్ కూడా నేనే చెప్పుకోవాలి, అదీ గ్రౌండులో వాకింగుకు వచ్చిన సార్లందరికీ వినబడేటట్టు. "పడకూడదు, పడకూడదు" అనుకుంటూ తోలితే ఒప్పుకునేది కాదు. "ఎక్కడ పడాల్నో ఎతుకుతా ఉండావు నువ్వు. యాడికి పోవాల్నో అది చెప్పు నీ చేతికి" అనేది. నేను గొణిగితే గట్టు మీద నుంచి "వినపళ్ళా!" అని కేక వేసేది.

మాటలతోనే బండి వచ్చిందని నేను చెప్పను. నర్సును, అట్లాంటివి చెబితే నాకే నచ్చదు. చెయ్యి చేసే తప్పేదో అక్క పట్టుకోకపోతే, ఎన్ని శభాష్‌లు చెప్పుకున్నా చొప్పకుప్పలోనే ఉండేదాన్ని. కాని ఆ తప్పు తెలిసిన తర్వాత కూడా చెయ్యి మాట వినడానికి వారం పట్టింది. ఆ వారంలో నన్ను నేను తిట్టుకోకుండా ఉండటం మొదటిసారి నేర్చుకున్నాను. మూడో రోజుకల్లా వెనక్కి తిరిగి "దిగమ్మా" అని నేనే అన్నాను. అన్నాక నిజంగానే బండి తేలికైనట్టు అనిపించింది.

పల్లెకు ఒంటరిగా పోయిన రోజు చెప్పాలి. కొండవార దిగుడు దగ్గర మలుపు తిరగ్గానే రోడ్డు నిండా గొర్రెలు. చేతులు పగ్గాల కోసం లేచాయి. "వదులు!" అని ఎంత గట్టిగా అరిచానంటే కాపరి కర్ర వదిలేశాడు. "నీకు కాదబ్బయ్యా, నాకు" అన్నాను. బండి ఆగింది. ముందు చక్రానికి జానెడు దూరంలో ఒక గొర్రె నన్ను చూస్తూ నెమరేస్తూ ఉంది. కాళ్ళు రెండూ నేలమీద ఆనించి, ఆ గొర్రెకే చెప్పాను, "ఆగినాను. శభాష్." తొమ్మిదికి పది నిమిషాలు ఉందనగా సబ్‌సెంటర్లో ఫోనుకు ముఖం చూపించాను. ఆ ముఖానికి చెవుల దాకా నవ్వు. ఉద్యోగం నిలబడింది. సాయంత్రం వచ్చి చెబితే అక్క రోలు మీద నుంచి ఒక గిన్నె ఇచ్చింది. వేడి వేడి పాయసం. ఉద్యోగం నిలబడుతుందని నేను రాకముందే వండిపెట్టింది. "నిలబడకపోయింటే?" అన్నాను. "అప్పుడైనా తినాల్సిందే గదా" అంది.

ఎప్పుడూ అంత ధీమాగానే ఉండేదని అనుకోకండి. ఒక సాయంత్రం వెళితే వంటింట్లో దీపం వెయ్యకుండా, పీట మీద గమ్మున కూర్చుని ఉంది. నెల్లూరులో స్కానింగు తీయించుకుని వచ్చిందట. కాగితం నా చేతికిచ్చింది. చదివాను. ఆమెకు అబద్ధం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

"దిగమంటే దిగను అంటా ఉండాది మే ఈ పొద్దు" అంది.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. కాసేపటికి ఆమే లేచింది. కొక్కేనికున్న బండి తాళం తీసుకుంది. పక్క వీధిలో పురిటికి వచ్చిన పిల్లను ఆస్పత్రికి చూపించడానికి తీసుకుపోతానని మాటిచ్చిందట.

"ఈ రోజొద్దులే అక్కా, నేను తీసుకుపోతాను" అన్నాను.

"ఎందుకొద్దు? దిగకపోతే కూచోనీ. ఏడవనీ. బండి తోలేది నేనే గదా" అని కొంగు దోపుకుని బయటికి నడిచింది. వాకిట్లో ఆగి తనకు తానే చెప్పుకుంది, "ప్రభువా, స్టార్ట్ చేస్తా ఉండాను. నువ్వు చూసుకో." ఆమెన్ అనడం మరిచింది. సీటెత్తి పెట్రోలు చూసుకోవడం మాత్రం మరవలేదు. నమ్మకమంటే భయం లేకపోవడమని అప్పటి దాకా అనుకునేదాన్ని. ఆ సాయంత్రంతో ఆ అభిప్రాయం మార్చుకున్నాను.

ఆ తర్వాత ఆమె మందులు వాడుతూ, మందుబిళ్ళలతో కూడా మాట్లాడుతూ ఆరేళ్ళు బతికింది. ఈలోగా నన్ను మళ్ళీ ఆత్మకూరుకు బదిలీ చేశారు. సామాను ఎత్తే రోజు అడిగాను, "ఒక్కసారన్నా నా బండి ఎక్కక్కా. నేనిప్పుడు నేర్చుకునేదాన్ని కాదు గదా."

"ఎక్కతాలే. ఆత్మకూరు నించి ఉదయగిరి దాకా ఒంటిగా బండి మీద రా. ఆ రోజు ఎక్కతాను. ఊరంతా తిప్పుదువు" అంది.

వెళ్ళానా? వెళ్ళాను, ఏడాదికి మూడు నాలుగుసార్లు. అన్నిసార్లూ బస్సులోనే. ఎండ అనో, వాన అనో, లారీలు ఎక్కువనో. ఆత్మకూరు నుంచి చేజర్ల దాకా తోలుతాను, అంతకు మించి ధైర్యం చాలేది కాదు. బస్టాండులో నన్ను చూడగానే అక్క నా వెనకాల ఎవరో ఉన్నట్టు తొంగి చూసి, "ఓహో, ఆమె కూడా టికెట్టు కొనుక్కోనొచ్చినట్టుండాదే" అని నవ్వేది. నేనూ నవ్వేసి ఊరుకునేదాన్ని. ఇప్పుడు ఆ నవ్వు తలచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

గురువారం పొద్దున ఆమె చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. "పెద్దమ్మ పోయిందక్కా. నిద్రలోనే. మధ్యాహ్నం చర్చిలో ప్రార్థన, ఆ తర్వాత తీసుకపోతారు." ఏడ్చాను. ఏడుపు అయ్యాక చీర మార్చుకుని బస్టాండుకు బయలుదేరి, వాకిట్లో బండి దగ్గర ఆగిపోయాను. మా ఆయన లారీ మీద నుంచి ఫోన్లో, "అంత దూరం ఒంటిగా ఎట్లా పోతావే?" అన్నాడు. ఈసారి 'నీ వల్ల కాదు' అనలేదు, పాపం, ఇన్నేళ్ళలో ఆయన కూడా కొంత నేర్చుకున్నాడు. "ఎట్లాగా? పెట్రోలు చూసుకుని" అన్నాను.

వింజమూరు దాకా నోరు మూయలేదు నేను. లారీ ఎదురొస్తే "వదులు, నొక్కు". దాటిపోతే "శభాష్". ఒక టిప్పరు హారన్ కొట్టినప్పుడు రోడ్డు పక్కన ఆపి, వెనక్కి తిరిగి "దిగమ్మా, నీ ఊరొచ్చింది" అని కమ్మీలు మూసేశాను. జామకాయలు అమ్మే అవ్వ నన్నూ, ఖాళీ సీటునూ మార్చి మార్చి చూసింది. దూరంగా ఉదయగిరి కొండ కనబడగానే మాత్రం కళ్ళు తుడుచుకోవడానికి మళ్ళీ ఆగాల్సి వచ్చింది.

చర్చి ముందు స్కూటీలు నిలపడానికి చోటు లేదు. ఆడవాళ్ళవే అన్నీ. టీచర్లు, కుట్టుపని చేసేవాళ్ళు, బురఖాలో వచ్చిన చెక్కగరిటెల అంగడి ఆమె, పురిటికి వచ్చిన ఆ పిల్ల, ఆ పిల్ల ముందర నిలబడిన ఆరేళ్ళ పాప. అందరం అక్క దగ్గర బండి నేర్చుకుంటూ గ్రౌండులో పడినవాళ్ళమే. అందరికీ ఒక చొప్పకుప్ప ఉంది. పాస్టరుగారు ప్రార్థన పెద్దది మొదలుపెడితే ముందు వరసలో ఎవరో "ప్రభువా, ఆమె స్టార్ట్ చేసింది, నువ్వు చూసుకో" అని మెల్లగా అన్నారు. ఏడుస్తున్న చర్చి అంతా ఒక్కసారి నవ్వింది. పాస్టరుగారు కూడా నవ్వి, ఆమెన్ అనేశారు. కొండ కింద ఆమె మీద తలా పిడికెడు మట్టి వేసి వచ్చాం.

తిరుగు ప్రయాణానికి టీ అంగడి పక్కన పెట్టిన నా బండి దగ్గరికొచ్చాను. సీటెత్తి పెట్రోలు చూసుకున్నాను. పొద్దున మూసిన కమ్మీలు మూసే ఉన్నాయి. వంగి ఒకటి తెరిచాను. అటువైపు తిరిగి రెండోదీ తెరిచాను. సీటు మీద దుమ్ము కొంగుతో తుడిచాను.

"వచ్చినానక్కా, ఒంటిగానే" అన్నాను. "ఎక్కు."

టీ అంగడి ముందు కూర్చున్నవాళ్ళు గ్లాసులు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. నెమ్మదిగా బండి కదిలించి, ఆత్మకూరు రోడ్డు ఎక్కకుండా ఊళ్ళోకి తిప్పాను. ముందు బడి గ్రౌండు, తర్వాత హాస్టలు, తర్వాత మా పాత వీధి. ఊరంతా తిప్పుతానని మాట కదా.